ఓవర్‌క్లాక్ చేశాక పీసీ రీస్టార్ట్ అవుతోందా? వోల్టేజీ పెంచే ముందు ఇవి చూడండి

మీరు చెప్పిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. ప్రాసెసర్ రైజెన్ 5 3600, దానితో పాటు పెట్టెలో వచ్చిన కూలరే వాడుతున్నారు. బీ450 మదర్‌బోర్డు, 3600 వేగంతో నడిచే 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని కంపెనీ చెప్పిన వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంది. ఏదో వీడియో చూసి ఓవర్‌క్లాక్ చేశారు, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి అన్ని కోర్లకూ 4.3 గిగాహెర్ట్జ్, 1.4 వోల్టులు పెట్టారు. ప్రాసెసర్ వేగాన్ని పరీక్షించే సినీబెంచ్ పూర్తవుతోంది కానీ గేమ్ మొదలుపెట్టిన అరగంటకు స్క్రీన్ నల్లబడి మెషీన్ రీస్టార్ట్ అవుతోంది. ఒకటి రెండుసార్లు బ్లూ స్క్రీన్ కూడా వచ్చింది. ఉండేది ఖమ్మం, గదిలో ఏసీ లేదు. ఇప్పుడు మీ ప్రశ్నలు: సినీబెంచ్ పాసై గేమ్ ఎందుకు ఫెయిల్ అవుతోంది? వోల్టేజీ 1.45కి పెంచితే ఆగుతుందా?

పెంచకండి. అన్ని కోర్ల మీద నిలకడగా ఉంచడానికి ఈ చిప్‌కి 1.4 వోల్టులే ఎక్కువ. స్టాక్ సెట్టింగ్స్‌లో, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నప్పుడు రైజెన్ తనంతట తానే అప్పుడప్పుడు 1.45 దాకా వెళ్తుంది, అది చూసి చాలామంది 1.45 కూడా సేఫే అనుకుంటారు. అప్పుడు పనిచేసేది ఒకటి రెండు కోర్లు, పారే కరెంటు కొద్దిగా, అదీ కాసేపే. ఆరు కోర్ల 12 థ్రెడ్లూ (కోర్‌కి రెండు పని వరుసలు) పూర్తి బరువు మీద ఉన్నప్పుడు అంత వోల్టేజీని బిగించి ఉంచడం వేరే సంగతి. అలా నెలల తరబడి నడిపితే 7 నానోమీటర్ల చిప్ నెమ్మదిగా అరిగిపోతుంది. మొదట్లో 4.3లో బాగానే నడిచింది, తర్వాత 4.2లో కూడా నిలవదు. ఈ తరం రైజెన్‌ని ఓవర్‌క్లాక్ చేసేవాళ్లలో చాలామంది పూర్తి లోడ్ మీద 1.3, మహా అయితే 1.325 వోల్టులు హద్దుగా పెట్టుకుంటారు. నా హద్దు కూడా అదే. పైగా చేత్తో క్లాక్ పెట్టగానే ఈ చిప్‌లో మామూలుగా ఉండే 88 వాట్ల పరిమితి పక్కకు తప్పుకుంటుంది. వేడి మరీ ఎక్కువైతే ఆపేసే చివరి రక్షణ తప్ప, మధ్యలో మిమ్మల్ని ఆపేది ఏదీ ఉండదు.

వోల్టేజీ పెంచితే ఎందుకు కుదుటపడుతుంది, ఒక దశ దాటాక ఎందుకు బెడిసికొడుతుంది అనేది తెలిస్తే మిగతా పని తేలిక. 4.3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 430 కోట్ల టిక్కులు, ఒక్కో టిక్కుకూ దక్కే సమయం దాదాపు 233 పికోసెకన్లు. ఆ వ్యవధిలో సిగ్నల్ తను దాటాల్సిన ట్రాన్సిస్టర్లన్నీ దాటి, అవతల చివర స్థిరపడాలి. చేరేలోపే తర్వాతి టిక్కు పడితే 1 ఉండాల్సిన చోట 0 నమోదవుతుంది. ఆ తప్పు బిట్ ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి మీకు కనిపించే లక్షణం మారుతుంది. విండోస్ కెర్నల్‌లో పడితే బ్లూ స్క్రీన్, గేమ్‌లో పడితే గేమ్ మూసుకుపోతుంది, సేవ్ అవుతున్న ఫైల్‌లో పడితే ఫైల్ పాడవుతుంది. అందుకే ఒకే లోపం రోజుకో వేషం వేస్తుంది.

వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు త్వరగా మారతాయి కాబట్టి సిగ్నల్ సమయానికి చేరుతుంది. కానీ విద్యుత్ ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.3 నుంచి 1.4కి వెళ్తే పెరిగింది 8 శాతమే అనిపిస్తుంది, వేడి మాత్రం 16 శాతం దాకా ఎక్కువ. వేడెక్కిన చిప్‌కి అదే క్లాక్‌లో నడవడానికి ఇంకాస్త వోల్టేజీ కావాలి, ఆ వోల్టేజీ మళ్లీ వేడి పెంచుతుంది. చిన్న కూలర్ మీద ఈ గొలుసు చాలా త్వరగా మొదలవుతుంది. మీరు ఇప్పటికే అందులో ఉన్నారని నా అనుమానం.

అనుమానమే, ఖాయంగా చెప్పలేను. ఎందుకంటే మీ పీసీలో ఓవర్‌క్లాక్ అయినది ప్రాసెసర్ ఒక్కటే కాదు. కొత్తవాళ్లు దాదాపు అందరూ వదిలేసే విషయం ఇది. మీ రైజెన్ 5 3600కి ఏఎండీ అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 3200. మీరు ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి 3600 పెట్టారు. అంటే ర్యామ్ 1.2 వోల్టుల నుంచి 1.35కి వెళ్లింది, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, ప్రాసెసర్ లోపలి చిన్న చిప్‌లను (చిప్లెట్లు) కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ కూడా 1800 మెగాహెర్ట్జ్‌కి ఎక్కాయి. ఇవన్నీ ఓవర్‌క్లాకులే. ఎక్స్‌ఎంపీ అనేది ర్యామ్ కంపెనీ రాసిచ్చిన ప్రొఫైల్. మీ ర్యామ్ ఆ వేగంలో నడుస్తుందని ఆ కంపెనీ అంటోంది, మీ ప్రాసెసర్ నడుస్తుందని ఎవరూ అనడం లేదు. కాబట్టి అనుమానితులు నలుగురు: కోర్లు, ర్యామ్, ఫ్యాబ్రిక్, వీటికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. కోర్ వోల్టేజీ పెంచితే మొదటిదానికే కాస్త సాయం. మిగతా మూడింటిలో ఏదైనా కారణమైతే, మీరు ఊరికే చిప్‌ని కాల్చుకుంటున్నట్టే.

ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు, నిలకడ లేని ర్యామ్ విండోస్‌నే పాడు చేయగలదు. ఆ కాపీ కూడా స్టాక్ సెట్టింగ్స్‌లోకి వచ్చాక చేస్తేనే నమ్మకం. బయాస్‌లోకి (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్లి డిఫాల్ట్స్ లోడ్ చేయండి, ఎక్స్‌ఎంపీ కూడా ఆఫ్ కావాలి. ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే అందులోనూ డిఫాల్ట్‌కి తిప్పండి. బయాస్‌లో ఒక అంకె, సాఫ్ట్‌వేర్‌లో ఇంకో అంకె ఉండి, రెండూ కొట్టుకుంటున్న మెషీన్లు చాలా ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డుకి ఓవర్‌క్లాక్ గానీ అండర్‌వోల్ట్ గానీ పెట్టి ఉంటే అదీ తీసేయండి. ఎప్పుడైనా బయాస్ కూడా తెరుచుకోకపోతే భయపడకండి. ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీద బయాస్ సెట్టింగ్స్ చెరిపే సీమాస్ జంపర్‌ని మాన్యువల్‌లో చెప్పినట్టు కలపండి, లేదా గుండ్రటి బటన్ సెల్లు తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. అన్నీ మొదటికి వస్తాయి.

ఇలా రెండు మూడు రోజులు మామూలుగా గేమ్‌లు ఆడండి. అప్పుడు కూడా రీస్టార్ట్ అయితే ఓవర్‌క్లాక్‌ని తప్పు పట్టి లాభం లేదు, వేరే లోపం ఉంది. స్టాక్ అనగానే కూడా గుడ్డిగా నమ్మలేం. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ గుర్తుండే ఉంటుంది. ఏమీ మార్చనివాళ్లకు కూడా గేమ్‌లు కూలిపోయేవి, స్క్రీన్ మీద మాత్రం వీడియో మెమరీ చాలడం లేదని మెసేజ్ వచ్చేది. జనం గ్రాఫిక్స్ కార్డులు మార్చుకున్నారు. చివరికి మైక్రోకోడ్ (చిప్‌ని లోపల నడిపే చిన్న ప్రోగ్రాం) లోపం వల్ల చిప్ అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని తేలింది. ఆగస్టులో ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ అప్‌డేట్ బాగు చేయలేకపోయింది. ఎర్రర్ మెసేజ్‌లో ఉన్న పేరు చూసి విడిభాగం కొనకూడదని ఆ ఉదంతం తర్వాత నేను అందరికీ చెబుతున్నాను.

మెసేజ్ కన్నా నమ్మదగింది విండోస్ రాసిపెట్టే లాగ్. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. కెర్నల్ పవర్ 41 అనేది తప్పకుండా కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని వేలాడకండి. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్పడం తప్ప అందులో ఇంకేమీ లేదు. మీరు వెతకాల్సింది వీయా లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పుల నమోదు) అనే పేరుతో ఉన్నవి. 18వ నంబరు ఈవెంట్ ఉండి, అందులో క్యాష్ హయరార్కీ ఎర్రర్ అని ఉంటే అనుమానం కోర్ల మీదికి పోతుంది. కిందే ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది, తప్పు చేసిన థ్రెడ్ అదే. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే ఆరు కోర్లలో ఒకటి బలహీనంగా ఉందని అర్థం. 19వ నంబరు, బస్ ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్ అని వస్తుంటే అది సరిదిద్దుకున్న తప్పు. మెషీన్ ఆగదు గానీ, ఫ్యాబ్రిక్ ఆ వేగాన్ని తట్టుకోవడం లేదని చెబుతుంది. డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూడండి. వీయా ఏమీ లేకుండా ఒక్క 41 మాత్రమే ఉండి, ఎవరో ప్లగ్ పీకేసినట్టు ఆగిపోతుంటే కరెంటు సంగతి చూడాలి. బ్లూ స్క్రీన్ మీద పేరు కూడా ఫోటో తీసుకోండి. వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్, క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ ఎక్కువగా కోర్ వోల్టేజీ చాలనప్పుడు వస్తాయి. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ లాంటివి ర్యామ్ వైపు చూపిస్తాయి. ఎప్పుడూ ఇలాగే ఉంటుందని కాదు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయంతే.

ఇక ఒక్కొక్కటిగా తిరిగి ఆన్ చేయాలి. వరుస ముఖ్యం: ముందు ర్యామ్, తర్వాతే కోర్లు. కోర్లు స్టాక్‌లోనే ఉంచి ఎక్స్‌ఎంపీ ఒక్కటీ ఆన్ చేయండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాని నుంచి బూట్ చేయండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు నడుస్తుంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి తేలుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. "ఒకటే కదా" అనే బేరం ఇక్కడ కుదరదు. ఎర్రర్ వస్తే ర్యామ్ వేగాన్ని 3200కి దించి మళ్లీ చూడండి. ఫ్యాబ్రిక్ కూడా దానితో పాటు 1600కి దిగుతుంది, కాబట్టి రెండు అనుమానాలూ ఒకేసారి తీరతాయి. 3600కీ 3200కీ గేమ్‌లో తేడా మీ కంటికి కనిపించేంత కాదు, దీని కోసం పంతం అనవసరం. ర్యామ్‌లో ఎర్రర్లు వచ్చి ఉంటే, సరిచేశాక కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్ ఫైల్ చెకర్ ఒకసారి నడపండి. పాడైన విండోస్ ఫైళ్లు మిగిలిపోతే, లోపం పోయాక కూడా క్రాష్‌లు పోవు, మీరేమో మళ్లీ వోల్టేజీ మీద పడతారు.

ర్యామ్ తేలిన తర్వాతే కోర్ల పని. వేడి, వోల్టేజీ, క్లాక్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో (HWiNFO) ప్రోగ్రాం పెట్టుకోండి. అందులో వోల్టేజీ రెండు మూడు చోట్ల కనిపిస్తుంది, ఎస్‌వీఐ2 టీఎఫ్‌ఎన్ అని ఉన్నదే చూడండి. బయాస్‌లో మీరు పెట్టిన అంకె చిప్‌కి అలాగే చేరదు. లోడ్ పడగానే కాస్త కిందికి జారుతుంది, దాన్నే వీడ్రూప్ అంటారు. 1.3 పెట్టినా లోడ్ మీద 1.26 కనిపించవచ్చు, నిలకడను నిర్ణయించేది ఆ రెండో అంకే. ఈ జారుడును తగ్గించడానికి లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దీని లెవెల్ అంకెలు కంపెనీని బట్టి తలకిందులవుతాయి. ఆసుస్ బోర్డుల్లో అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, ఎంఎస్‌ఐ, ఆస్‌రాక్ బోర్డుల్లో సాధారణంగా 1 అన్నదే అత్యంత బలమైనది. వీడియోలో చెప్పిన లెవెల్ గుడ్డిగా కాపీ కొడితే మీ బోర్డులో దానికి పూర్తి వ్యతిరేకం అయ్యే ప్రమాదం ఉంది. మధ్యలో ఉన్నది తీసుకోండి. అత్యంత బలమైనది పెడితే లోడ్ హఠాత్తుగా తగ్గినప్పుడు వోల్టేజీ పైకి ఎగురుతుంది, అది చిప్‌కి మంచిది కాదు.

మొదలు 1.275 వోల్టులు, 4.0 గిగాహెర్ట్జ్ పెట్టండి. బేస్ క్లాక్ 100 దగ్గరే వదిలేయండి, దానికి ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు నడిచే బస్సులు కూడా ముడిపడి ఉంటాయి. సినీబెంచ్ పది నిమిషాల పరుగు పాసైతే మల్టిప్లయర్ (బేస్ క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 0.25 పెంచండి, అంటే 25 మెగాహెర్ట్జ్. వోల్టేజీ ముట్టుకోవద్దు. ఎక్కడో ఒకచోట ఫెయిల్ అవుతుంది, అక్కడి నుంచి 50 వెనక్కి రండి. ఒక్కోసారి ఒక్కటే మార్చి, తేదీతో సహా ఏదైనా నోటుబుక్‌లో రాసుకోండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇలా పైకి వెళ్తున్నప్పుడు ఈ తరం రైజెన్‌లో ఒక మోసం ఉంది. వోల్టేజీ చాలనప్పుడు చిప్ క్రాష్ కాకుండా, లోపల టిక్కులను సాగదీసుకుంటుంది. స్క్రీన్ మీద 4.3 అనే కనిపిస్తుంది, నిజంగా జరిగే పని అంతకన్నా తక్కువ. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస అందుకే ఉంది. పూర్తి లోడ్ మీద అది మీరు పెట్టిన క్లాక్ కన్నా బాగా తక్కువ చూపిస్తున్నా, క్లాక్ పెంచితే సినీబెంచ్ స్కోరు తగ్గుతున్నా, మీరు హద్దు దాటేశారన్నమాటే.

సినీబెంచ్ పాసై గేమ్ ఎందుకు ఫెయిల్ అవుతోందని అడిగారు కదా. సినీబెంచ్ ఇచ్చేది ఒకే తీరు బరువు, వోల్టేజీ ఒకచోట కుదురుకుంటుంది. గేమ్‌లో బరువు క్షణక్షణం ఎక్కిదిగుతుంది, ఆ కుదుపులో వోల్టేజీ ఒక్క క్షణం కిందికి జారినా చాలు. దానికి తోడు గ్రాఫిక్స్ కార్డు వేడి క్యాబినెట్‌లో చేరుతుంది, ర్యామ్ వేడెక్కుతుంది, ఎస్‌ఎంపీఎస్ మీద మొత్తం భారం పడుతుంది. అందుకే చివరి పరీక్షకు సినీబెంచ్ చాలదు, ప్రైమ్95 కావాలి. ఇది పరీక్షల కోసం పుట్టిన ప్రోగ్రాం కాదు. 1996లో మొదలైన గింప్స్ ప్రాజెక్టులో భాగంగా మెర్సేన్ ప్రధాన సంఖ్యలను వెతకడానికి రాసింది. కోట్ల అంకెల లెక్కలో ఒక్క బిట్ తప్పినా వారాల పని వృథా, కాబట్టి దాని లెక్కను అదే మళ్లీ మళ్లీ సరిచూసుకుంటుంది. ప్రాసెసర్ తప్పులు పట్టడంలో దానికి పేరు రావడానికి కారణం ఇదే. అందులో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే పరీక్ష పెడితే భారం కోర్లు, వాటి పక్కనుండే చిన్న మెమరీ అయిన క్యాష్ మీద పడుతుంది. లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ, బ్లెండ్ పెడితే మెమరీ కంట్రోలర్, ర్యామ్ కూడా కలుస్తాయి. రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ ఉండాలి అనే అర్థంతో ఫేటల్ ఎర్రర్ చూపించి ఒక వర్కర్ ఆగిపోతే, మెషీన్ హ్యాంగ్ కాకపోయినా అది ఫెయిలే. ఒక హెచ్చరిక: మీ ఇప్పటి 1.4 వోల్టులతో, ఆ కూలర్ మీద స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అస్సలు నడపకండి.

కూలర్ సంగతి కూడా చెప్పాలి. 3600తో వచ్చే రైత్ స్టెల్త్ అడుగున రాగి లేని చిన్న అల్యూమినియం ముక్క. 65 వాట్ల చిప్‌ని స్టాక్‌లో నడపడానికి సరిపోతుంది, అంతే. ఈ చిప్‌కి గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. లోడ్ మీద 80, 85 లోపు ఉండేలా చూసుకుంటే మంచిది. గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరి రాత్రి 22 డిగ్రీల్లో పాసైన సెట్టింగ్, ఖమ్మంలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో ఫెయిల్ కావడంలో వింతేమీ లేదు. కాబట్టి చివరి పరీక్ష ఎండ ముదిరిన వేళ పెట్టండి. చలికాలంలో సెట్ చేస్తుంటే 50 మెగాహెర్ట్జ్ తగ్గించి వదిలేయండి. క్యాబినెట్ దుమ్ము దులపడం, వీఆర్‌ఎం (మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) మీద హీట్‌సింక్ ఉందో లేదో చూడడం అందరికీ తెలిసినవే. హీట్‌సింక్ లేని బీ450 బోర్డు అయితే ఓవర్‌క్లాక్ ఆలోచన ఇక్కడితో ఆపేయండి.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో ఇంట్లో పరీక్షించే పద్ధతులు తక్కువ. తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి రెండు రోజులకు అరువు తెచ్చి మార్చి చూడడమే నమ్మదగిన దారి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదైతే ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ముందు దాన్నే అనుమానించండి. మన ఇళ్లలో ఇంకోటి ఉంది. పీసీ ఇంటి ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే, కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడు ఇన్వర్టర్ మారే ఆ కాసింత ఆలస్యానికే మెషీన్ రీస్టార్ట్ కావచ్చు. లైటు ఒక్కసారి మినుక్కుమన్నప్పుడే ఇలా జరుగుతోందా గమనించండి. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, దాన్ని వేస్తే ఆ ఆలస్యం తగ్గుతుంది. నెలల తరబడి వోల్టేజీతో కుస్తీ పట్టినవాళ్ల సమస్య ఈ ఒక్క స్విచ్‌తో తీరిపోవడం నాకు తెలుసు.

మీ స్థానంలో నేనుంటే ఈ చిప్‌కి 4.3 కోసం ప్రయత్నించను. 3600 స్టాక్‌లోనే 4.2 దాకా తనంతట తాను వెళ్తుంది. అన్ని కోర్లకూ 4.2 పెట్టి కష్టపడితే వచ్చే లాభం వీడియో ఎన్‌కోడింగ్ లాంటి పనుల్లో కొద్దిగా కనిపిస్తుంది, గేమ్‌లో దాదాపు శూన్యం. అందరి చిప్‌లూ ఒకేలా రావు కూడా. వీడియోలో ఆయనది 4.3కి వెళ్లిందంటే అది ఆయన అదృష్టం. కూలర్‌కి ఓ రెండు వేలు పెట్టి, కోర్లను పీబీఓకి (చిప్ తనంతట తానే వేగం పెంచుకునే ఏఎండీ సెట్టింగ్) వదిలేసి, ర్యామ్‌ని నిలకడగా నడిచే వేగంలో ఉంచడం నా సలహా. ఏఎండీ వారంటీ ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చే నష్టానికి వర్తించదు, పీబీఓ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అది తెలిసి చేయండి. అయినా సరదా కోసం నేర్చుకోవాలనుంటే, పైన చెప్పినట్టు 1.3 లోపు 4.1, 4.15 నిలబడితే దాన్ని మంచి ఫలితం అనుకోండి.

నిలకడైన సెట్టింగ్ దొరికాక బయాస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేయండి, ఫోన్‌తో ఆ స్క్రీన్లన్నీ ఫోటో కూడా తీసి పెట్టుకోండి. బయాస్ అప్‌డేట్ చేసినప్పుడు చాలా బోర్డుల్లో ఆ ప్రొఫైల్స్ చెరిగిపోతాయి. ఇప్పటికైతే స్టాక్‌కి తిప్పి మూడు రోజులు ఆడి, ఈవెంట్ వ్యూయర్‌లో 18 వచ్చిందో 19 వచ్చిందో, ఏపీఐసీ ఐడీ ఎంతో రాయండి. అక్కడి నుంచి చూద్దాం.